కుదిపి తాగవలెను

“అయ్యయ్యో, కుదపకండి బాబాయిగారూ!”

గుమ్మంలోంచి నర్సు వేసిన కేకకి కాంపౌండరుగారి చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. కానీ జరగాల్సింది అప్పటికే జరిగిపోయింది. నీళ్లలా తేటగా ఉండాల్సిన మందు మీద వేలెడు మందాన తెల్లటి నురగ పేరుకుంది.

“ఫ్రిజ్‌లోంచి తీశాను కదా, చల్లదనం పోయేదాకా చూస్తూ ఉండమన్నాను. చిలకమన్నానా?” అంది నర్సు నెత్తి పట్టుకుని.

“అలవాటమ్మా. జీవితమంతా మందులు కలిపిన చెయ్యి. సీసా కనబడితే ఊరుకోదు.”

“ఇది దగ్గుమందు కాదండీ. ఇమ్యునోగ్లోబ్యులిన్. వేలమంది ఇచ్చిన రక్తంలోంచి తీసిన ప్రతిరక్షకాలు ఇందులో ఉంటాయి. కుదిపితే పాడైపోతాయి. ఈ సీసా ఇంక పనికిరాదు.”

కాంపౌండరుగారి మొహంలో నెత్తుటిచుక్క లేదు. ఆ మందు మంచం మీదున్న ఆయన భార్యకి ఎక్కించాల్సింది. ఆవిడకి జ్వరం వచ్చి తగ్గింది గానీ, ఆ వెనకే రెండు కాళ్లూ చచ్చుబడ్డాయి. ఒంటిని కాపాడాల్సిన శక్తే నరాల మీద పడి పీక్కుతింటోందని డాక్టరు చెప్పాడు. కంచే చేను మేయడమంటే ఇదే. పదిమంది మంచి కాపలాదార్లని పంపి ఆ పిచ్చి కంచెని అదుపులో పెట్టడం ఈ మందు పని. రేపటితో కోర్సు ఆఖరు. రోజూ పొద్దున్నే డాక్టరు వచ్చి అరికాలు గీరి, “ఏదీ, కదపండమ్మా” అంటాడు. కాలు కదలదు. “కొందరికి ఆలస్యమవుతుంది లెండి” అనేసి వెళ్లిపోతాడు. కొందరికి అసలు కదలదేమో అన్న భయంతో కాంపౌండరుగారికి కంటిమీద కునుకు లేదు.

“ఇంకో సీసా ఉందా తల్లీ?” అన్నాడు.

“స్టోర్‌లో అడిగి వస్తాను. ఈలోగా మీరు దేన్నీ ముట్టుకోకండి. ఆవిడ కాళ్లు తప్ప.”

నర్సు వెళ్లిపోయింది. చెప్పిన మాట వినే మనిషిలా కాంపౌండరుగారు స్టూలు మంచం చివరికి లాక్కుని, తలవంచుకుని భార్య పాదాలు ఒత్తడం మొదలుపెట్టాడు.

“వేలమంది రక్తమిచ్చారట. ఒక్కరు కుదిపి పారేశారు,” అంది ఆవిడ.

ఆయన తలెత్తలేదు. ఆవిడకే జాలేసింది.

“పోనీలెండి. మీరలా కుదుపుతుంటే నాకు మన డిస్పెన్సరీ గుర్తొచ్చింది. ఆ చిన్న కిటికీ, అవతల తెల్లకోటులో మీరు. సీసాకి మెట్లుమెట్లుగా కత్తిరించిన కాగితం అంటించి ఇచ్చేవారు, పూటకో మెట్టు తాగమని.”

“ఎర్రమందు,” అన్నాడాయన మెల్లగా. “గులాబీ వాసన.”

ఆ డిస్పెన్సరీ పడగొట్టేసి చాలా కాలమైంది. అక్కడిప్పుడు కార్లు పెట్టుకుంటున్నారు. ఆ దారిన వెళ్లినప్పుడల్లా ఇద్దరూ అటు చూడకుండా తల తిప్పుకుంటారు. అయినా చుట్టుతిరిగి ఆ దారినే వెళతారు.

“ఇన్నేళ్లూ దాచాను గానీ, ఒకటి చెప్పనా?” అంది ఆవిడ. “నాకసలు దగ్గే లేదు. మా అమ్మ ముందు దొంగదగ్గు దగ్గి, సీసా పుచ్చుకుని పరిగెత్తుకొచ్చేదాన్ని. మిమ్మల్ని చూడ్డానికి.”

చెప్పి, ఆయన ఆశ్చర్యపోతాడని చూసింది. ఆయన ఆశ్చర్యపోలేదు. వంచిన తల వంచినట్టే ఉంది గానీ భుజాలు మాత్రం కదులుతున్నాయి.

“ఎందుకండీ ఆ నవ్వు?”

“నాకు తెలుసే.”

“ఏం తెలుసు?”

“వీధి మలుపు దాకా స్నేహితురాలితో పకపకలాడుతూ వచ్చేదానివి. కిటికీ దగ్గరకి రాగానే ఖళ్ళుఖళ్ళుమని దగ్గేదానివి. దగ్గు లేని పిల్లకి మందెలా పోస్తాను? అది ఉత్త పంచదార పాకం. రంగూ వాసనా నీకోసం కలిపాను.”

ఆవిడ మొహం కందగడ్డ అయింది. ఆయన్ని బురిడీ కొట్టించానని ఇన్నేళ్లుగా లోలోపల మురిసిపోతున్న మనిషి మరి!

“మరి కుదపమనేవారేం? ‘బాగా కుదిపి తాగవలెను’ అని చీటీ కూడా అంటించి, ‘ఇక్కడే నా ఎదురుగా కుదుపు, చాలు అనేదాకా ఆపకు’ అని! పాకాన్ని కుదిపితే ఏమొస్తుందండీ?”

“ఏమీ రాదు,” అన్నాడు ఆయన పాదం మీదికి ఇంకా వంగి, సిగ్గుపడుతూ. “కుదిపినంతసేపూ నువ్వు కిటికీ దగ్గరే నిలబడతావని.”

“ఎంత మోసం! నా రెక్కలు పడిపోయేవి కదా!”

ఆ మాటతోపాటే కాంపౌండరుగారి కళ్లజోడు ఎగిరి నేలమీద పడింది. ఆయన దాన్ని తీసుకోలేదు. నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయాడు. మంచం మీద ఆవిడా అంతే.

కొత్త సీసాని చంటిపిల్లని ఎత్తుకున్నట్టు పట్టుకుని నర్సు లోపలికి వచ్చింది. ఆయన కళ్లవెంట ధారగా నీళ్లు కారుతుంటే చూసి కంగారుపడింది.

“ఏమైంది బాబాయిగారూ? ఎవరేమన్నారు?”

“ఎవరూ ఏమీ అనలేదు తల్లీ! మా ఆవిడ కాలెత్తి నన్ను తన్నింది!”