అన్నిటికంటే గట్టి ముక్క

“ఛీ” అన్నాడు ఛీ సారు.

ఏ ఫైలు తెరిచినా ఆయన మొదటి మాట అదే. అందుకే ఆఫీసంతా కలిసి ఆ పేరు ఖాయం చేసింది. జీవితమంతా కర్ర పైకప్పుల లెక్కలు చూసిన మనిషి. ఆయన సంతకం లేనిదే ఏ లెక్కా ఆఫీసు గడప దాటదు.

ఎదురుగా చిన్న ఇంజినీరు నిలబడి ఉంది. తమ్ముడు పోయాక సెలవు పెట్టి, తిరిగొచ్చి, పట్టుబట్టి తీసుకున్న పని ఇది. ఈ రోజు సంతకం పడితేనే పాత కర్ర స్తంభాలు పీకి కొత్తవి పాతుతారు. పడకపోతే ఇంకో ఏడాది ఆగాలి. ఆలోపు ఇంకెవరి ప్రాణం పోతుందోనని ఆమె భయం.

కంప్యూటర్లో ఆ కర్రను వేల గళ్లుగా కోసి, ఎంత ఒత్తిడికి ఏ గడి ఏమవుతుందో చూడాలి. అంతకంటే ముందు కర్ర బలమెంతో మనమే చెప్పాలి. ఏది చెబితే అది నమ్మడం కంప్యూటరుకు అలవాటు.

బల్ల మీది నమూనా ముక్కను ఛీ సారు వేలితో తాకి, జిగురు అంటుకుందని మొహం చిట్లించాడు. ఫైలులో నేరుగా బలాల పేజీకి వెళ్లాడు. ముందు పేజీలు చదవడం ఆయనకు నామోషీ.

“కర్ర నార వెంట ఒక బలం, నారకు అడ్డంగా ఒక బలం. అంతవరకు బుర్ర పనిచేసింది. ఈ అంకె ఎక్కడిది?”

“ల్యాబులో విరగ్గొట్టిన ముక్కల్లో అన్నిటికంటే గట్టిదాని బలం సార్.”

పాచిపోయిన కూర వాసన తగిలినట్టు ఆయన ముక్కు ముడుచుకుంది.

“గట్టిదా? ఎవరైనా తక్కువది తీసుకుంటారమ్మా. ఇది ఇనుము కాదు, కర్ర. ఒకదాంట్లో ముడి ఉంటుంది, ఒకదాంట్లో తడి ఉంటుంది. ఆ మాత్రం తెలీకుండానే ఇంజినీరువయ్యావా?”

“గట్టి ముక్క సంగతి తేలితే మిగతావాటి గురించి భయం ఉండదని సార్. మీరు మొదటి పేజీ చూశారా?”

“నాకు పాఠాలు చెప్పకు.”

పేజీ తిప్పాడు. రంగుల బొమ్మ. స్తంభం అడుగుభాగమంతా ఎర్రగా ఉంది. ఎరుపంటే విరిగిందని. నేలకు జానెడు ఎత్తులో రెండు కన్నాలు కూడా ఉన్నాయి. బొమ్మ కింద ఆమె దస్తూరీలో ‘సరిపోయింది’ అని ఉంది.

చచ్చిన ఎలుకను తోక పట్టి ఎత్తినట్టు ఆ కాగితాన్ని రెండు వేళ్లతో ఎత్తాడు.

“దొంగ అంకె వేసినా విరిగింది. పైగా కన్నాలు పొడిపించావు. సరిపోయిందని రాయడానికి చెయ్యెలా వచ్చింది? కర్రల డిపో వాడు ఏమన్నా ముట్టజెప్పాడా?”

ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. “అంత మాట అనకండి సార్. ఆ మొదటి పేజీ ఒక్కటి...”

“నీతో మాట్లాడితే నోరు కడుక్కోవాలి.”

రుమాలుతో చేతులు తుడుచుకుని, ఫైలు చంకన పెట్టుకుని మేనేజరమ్మ గదిలోకి దూసుకెళ్లాడు. చిన్న ఇంజినీరు వెనకే వెళ్లింది.

“మేడమ్, ఈ పిల్లని ఇవాళే పంపించేయండి. చూస్తుంటేనే అసహ్యమేస్తోంది. ఇలాంటి కర్రలు మనుషులు తిరిగే చోట పాతుతామా?”

మేనేజరమ్మ ఆయన వైపు చూడనైనా చూడలేదు.

“విరిగిందా అమ్మా?” అని చిన్న ఇంజినీరును అడిగింది.

“విరిగింది మేడమ్. అన్నిటికంటే గట్టి ముక్క కూడా.”

“హమ్మయ్య” అని ఆవిడ కుర్చీలో వెనక్కి వాలింది. తర్వాత ఫైలును మొదటి పేజీకి తిప్పి, పెన్నుతో సహా ఛీ సారు ముందుకు తోసింది. “సంతకం పెట్టండి.”

ఛీ సారు అప్పుడు చదివాడు ఆ పేజీ.

రోడ్డు మలుపులో హెచ్చరిక బోర్డును మోసే ఆ స్తంభాలు, కారు వచ్చి గుద్దితే లోపలివాళ్లు బతికేలా ఆ కన్నాల దగ్గర పుటుక్కున విరిగిపోవాలి. నిరుడు చిన్న ఇంజినీరు తమ్ముడి కారు గుద్దిన పాత స్తంభం విరగలేదు.