కరతాయ్ మనవరాలు

"నీతో నాకు పని లేదమ్మాయ్. ఎర్ర గుర్తు వేసిందే, ఆ యంత్రం, దాన్ని పిలువు."

సగిందిక్ అరచేత్తో బల్ల మీద కొట్టాడు. పాలు కలిపిన టీ ఒలికి పళ్లెంలోని బౌర్సాకులు, నూనెలో వేయించిన ఆ పిండి ఉండలు, తడిశాయి.

బల్లకు అవతల ఉన్న ఆసెమ్ పళ్లెం పక్కకు జరిపింది. పెద్దవాళ్లను మర్యాదగా 'ఆగా' అంటూ, వచ్చినవాళ్ల తిట్లు వినడమే ఆ పిల్ల ఉద్యోగం. "యంత్రానికి చెవులుండవు ఆగా. నాకున్నాయి. నన్ను తిట్టండి."

"తిడతా. తిట్టడానికే వచ్చా."

"ముందు ఒక బౌర్సాక్ తినండి."

"నీ బౌర్సాకులు నువ్వే తిను."

గాజు గోడకు అవతల సోఫాలో అతని కూతురు మోల్దిర్ తల దించుకుని కూర్చుంది. తలుపు తెరిచే ఉంది. మాటలన్నీ వినపడుతూనే ఉంటాయి.

ఫోన్లో జంటలు కలిపే కంపెనీ అది. ఎవరో ఇద్దరు కుర్రాళ్లు ఒక గదిలో మొదలెట్టారట. ఇప్పుడు ఆల్మాటీ నడిబొడ్డున మూడంతస్తుల గాజు మేడ. మోల్దిర్‌కు దౌరెన్ దొరికింది ఇందులోనే. నిరుడు ఇందులో కలిసిన ఒక జంట, పెళ్లయ్యాక చూసుకుంటే దాయాదులని తేలింది. రెండు వైపుల చుట్టాలూ వచ్చి ఈ అద్దాలు పగలగొట్టి పోయారు. అప్పుడు బుద్ధొచ్చి, చేరిన ప్రతివాళ్లనీ ఏడు తరాల పేర్లు అడగడం మొదలెట్టారు. ఏడు తరాల లోపు ఇద్దరికీ ఒకే తాత తగిలితే ఎర్ర గుర్తు. కజాక్ ఇంట్లో ఇక ఆ పెళ్లి మాటే ఉండదు. ఈ పరీక్ష పెట్టాక జనం ఇంకా ఎగబడ్డారు. తిన్న దెబ్బను కూడా అమ్ముకున్నారు వెధవలు.

దౌరెన్ తల్లి వచ్చి మోల్దిర్ చెవులకు కమ్మలు పెట్టి ఇంకా నెల కాలేదు. కమ్మలు పెట్టారంటే పిల్ల వాళ్లదైనట్టే. ఏడు పేర్లూ ఇద్దరూ మొన్నగానీ నింపలేదు, నిన్న ఇద్దరి ఫోన్లలోనూ ఎర్ర గుర్తు పడింది. వెంటనే ఆవిడ ఫోన్ చేసింది. "పొరపాటని కంపెనీ వాళ్లు చెబితే సరే. లేకపోతే రేపు సాయంత్రానికి నా కమ్మలు నాకు పంపండి."

"కమ్మలు పెట్టకముందు తాతల పేర్లు ఒకరినొకరు అడగలేదా ఆగా?"

"ముగ్గురు తాతల దాకా అడిగాం. పట్నంలో అంతకు మించి ఎవడడుగుతున్నాడు?"

"సరే, ఒకసారి సరిచూద్దాం. చెప్పండి. మొదటి పేరు తండ్రిది."

"సగిందిక్. నేనే. మా నాన్న ఒతెగెన్. ఆపైన జుమాబాయ్, తిలెప్, కరతాయ్, బైమెన్, ఎల్తాయ్." గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. "ఐదేళ్లప్పుడే నా కూతురికి నేర్పా. చుట్టాల ముందు గడగడా చెబితే మా అన్న గుర్రప్పిల్లను ఇచ్చాడు దానికి."

"అబ్బాయి వైపు కూడా ఐదో పేరు కరతాయే ఆగా."

"నాకు తెలుసు."

"సొంతూరు తెమిర్తౌ అని ఉంది. అక్కడి పెద్దవాళ్లనెవరినైనా అడిగితే..."

"తెమిర్తౌ మాటెత్తకు. పొత్తిళ్లలో పిల్లను పెట్టుకుని ఆ ఊరొదిలేశా. ఆ ఫ్యాక్టరీ పొగ మాకు పడలేదు."

ఆసెమ్ గాజు గోడ వైపు చూసింది. "మీ అమ్మాయికి మీ కోపం రాలేదు. అదృష్టవంతురాలు."

"నోరు బాగా లేస్తోందే నీకు."

ఆసెమ్ నవ్వలేదు. గొంతు తగ్గించింది. "పేరు తప్పుపడితే తండ్రే వచ్చి చెప్పాలి, అదీ ఇక్కడి పద్ధతి. ఏది తప్పో మీరు చెప్పండి, ఎర్ర గుర్తు తీసేస్తా. అబ్బాయి తల్లికి నేనే ఫోన్ చేస్తా. చాలామంది చేస్తున్నదే. ఐదో పేరు తప్పని అనేయండి."

"అనేస్తే? దౌరెన్ పెదనాన్న నిన్ననే కరతాయ్ సమాధి ఏ గుట్ట మీదుందో కూడా చెప్పాడు. మా కరతాయే. ఇప్పుడు కాదంటే ఆ ముసలాడు నా మొహాన ఉమ్మేస్తాడు."

"మరి నన్నేం చెయ్యమంటారు?"

"చదువుకున్నదానివిగా. ఏదో ఒకటి చేసి చావు."

పొద్దున భార్య రౌషన్ గుమ్మానికి అడ్డంగా నిలబడింది. నువ్వొక్క మాటంటే అయిపోతుంది, అని రావయ్యా అంది. సగిందిక్ ఆమెను తోసుకుని బయటికొచ్చి, వీధి వీధంతా వినపడేలా తలుపు విసిరికొట్టాడు. దారంతా బస్సు డ్రైవర్ని తిట్టాడు. మెట్లు తుడిచేవాణ్ని తిట్టాడు. ఇక్కడికొచ్చి ఈ పిల్లను తిడుతున్నాడు.

మోల్దిర్ లోపలికొచ్చింది. ఒక చెవి బోసిగా ఉంది. రెండో చెవి తమ్మె ఎర్రగా కందిపోయింది.

"పోదాం నాన్నా. పాపం ఈ అక్కనెందుకు అంటావు?"

"నువ్వు బయట కూర్చో."

"కూర్చుని విన్నాలే. కరతాయ్ మనవరాలిగా పుట్టాను, అది పోతుందా? నీ పేరు చెడగొట్టి నేనెవర్నీ చేసుకోను." తల పక్కకు వంచింది. "ఈ కమ్మ రావట్లేదు. కాస్త తియ్యి."

టైర్లు బిగించే పనిలో మసి పట్టిన సగిందిక్ వేళ్లు ఆమె చెవి దాకా వెళ్లాయి. కొక్కెం పట్టుకున్నాయి. అలాగే ఆగిపోయాయి. మోల్దిర్ కళ్లు గట్టిగా మూసుకుని ఉంది, సూది మందుకు చెయ్యి చాచిన చిన్నపిల్లలా.

సగిందిక్ కొక్కెం మళ్లీ లోపలికి నొక్కాడు.

"ఉంచుకో," అని కసిరాడు. ఆసెమ్ వైపు తిరిగాడు. "రాసుకో. ఒక పేరు తప్పు."

ఆసెమ్ ఊపిరి పీల్చుకుంది. ఆమె వేలు ఐదో పేరు మీదికి వెళ్లింది. "ఇదేగా ఆగా?"

"కాదు, మొదటిది."