చోటు తెలియని రాయి

గేటు పక్కన పడున్న రాయిని తీసి ముసలాయన నాలుకతో తడిపాడు.

ఎండకేసి తిప్పి చూసి, కింద పడేశాడు.

వరండాలో బియ్యం ఏరుతున్న కాత్యాయనికి నవ్వాగలేదు. పెళ్లయి నెల. కోరాపుట్ కొండల్లోని నారాయణపట్నలో భర్త సోమయాజులు పనిచేసే భూగర్భ సర్వే క్యాంపుకి వచ్చి పది రోజులు. అది 1974 మే నెల. ఇక్కడ ఏం చూసినా ఆమెకు నవ్వే వస్తోంది.

"ఏం కావాలి తాతా?"

"బాబు ఎతుకుతున్న రాయున్న కొండ నాను సూపిస్తానమ్మీ. నడవనేను. జీపెక్కించుకోమను."

"జీపే కావాలా?"

"కాలిరిగినోడ్ని గదా. లక్ష్మణుడొచ్చేడని సెప్పు."

అందరూ అమ్మగారూ అంటుంటే ఈయన అమ్మీ అన్నాడని ఆమెకు సరదా వేసింది. దోసెడు అటుకులు పెట్టి పంపేసింది.

సాయంత్రం సోమయాజులు రాగానే చెప్పింది.

"ఇంకో దారి చూపేవాడా?" అన్నాడతను బూట్లు విప్పుతూ. "వీడు తొమ్మిదోవాడు. ఎవడి వెంట వెళ్లినా వాళ్ల ఊరి కొండే ఎక్కిస్తాడు. వీడికి జీపు షికారు కూడానా?"

ఇద్దరూ నవ్వుకున్నారు.

సోమయాజులుకి కావలసింది ఒక్క చోటు. పాతికేళ్ల కిందట వరాహనరసింహంగారనే ఆఫీసరు ఈ కొండల్లోంచి నలుపు తెలుపు చారల రాయొకటి పంపారు. ఇన్నాళ్లకు పరీక్షచేస్తే దాని వయసు మూడువందల కోట్ల ఏళ్లని తేలింది. చీటీ మీద మాత్రం ఆయన పేరు కింద "నారాయణపట్న కొండలు" అనే ఉంది.

"మరిగిన పాలు చల్లారితే మీగడ కడుతుంది చూడు. భూమి చల్లారాక మొదట గట్టిపడ్డ పెచ్చులో ముక్కది."

"వయసు తెలిసిందిగా, ఇంకేం?"

"ఎక్కడిదో చెప్పలేని రాయిని ఎవరూ నమ్మరు. దాని చుట్టూ ఏ రాళ్లున్నాయో, ఏది దేన్ని చీల్చుకొచ్చిందో చూడాలి. వానల్లోగా దొరక్కపోతే క్యాంపు ఎత్తేస్తారు."

రిటైరై విజయనగరంలో ఉంటున్న వరాహనరసింహంగారికి ఉత్తరం రాశాడు. జవాబు రాలేదు.

ముసలాయన మళ్లీ వచ్చాడు. మూడోసారి దగ్గుతూ వచ్చి గేటు పట్టుకుని నిలబడ్డాడు.

"బాబుకి సెప్పేవా అమ్మీ?"

"చెప్పాను తాతా. జీపు ఖాళీ లేదన్నారు."

"వానొచ్చేస్తాది. గెడ్డ పొంగితే అటేపు జీపెల్లదు."

"ముందు నీ దగ్గు తగ్గించుకో."

ఆయన కొండలకేసి కాసేపు చూసి వెళ్లిపోయాడు.

వాన పట్టుకుంది. క్యాంపు సామాను సర్దుతున్న రోజు రోడ్డు మీద పాడె వెళ్లింది. వెనక ఏడెనిమిది మంది, తడుస్తూ.

"ఎవరు కన్నయ్యా?" అని జీపు డ్రైవర్ని అడిగాడు సోమయాజులు.

"లక్ష్మణుడండి. ఆ కుంటి ముసిలోడు."

"జీపు తాతండీ," అంది కాత్యాయని. ఆమెకు నవ్వు రాలేదు. "మొదటిరోజు మన గేటు దగ్గర రాయి నాకి చూశాడు, పాపం."

సోమయాజులు చేతిలో తాడు ఆగిపోయింది.

"ఆ మాట అప్పుడే చెప్పలేదేం? చారలు కనబడాలని రాళ్ల పని తెలిసినవాళ్లే అలా తడుపుతారు."

"మీరూ అలాగే తడిపి చూస్తారుగా. క్యాంపులో మిమ్మల్ని చూసి నేర్చుకున్నాడనుకున్నా."

అతను వానలోనే ముసలాయన ఇంటికి వెళ్లాడు. గుమ్మంలో కోడలు గున్నమ్మ కూర్చుని ఉంది.

"మీ మావ ఏ కొండ గురించి చెప్పేవాడమ్మా?"

"కొండ, కొండ అనీవోడు బాబూ. ఏ కొండో మేం అడగనేదు."

గుమ్మంలోంచి పక్కకు జరిగి మళ్లీ అంది.

"మీకే సెప్తానని ఒచ్చేడు గదా."

వారం తర్వాత, క్యాంపు ఎత్తేసి వాళ్లు చేరిన కోరాపుట్ ఆఫీసుకి వరాహనరసింహంగారి కార్డు వచ్చింది. అక్షరాలు వణికి ఉన్నాయి. సోమయాజులు చదివి భార్య చేతిలో పెట్టాడు.

"ఆ ఏడంతా నేను మలేరియాతో మంచం మీదే ఉన్నాను, ఒక్క కొండా ఎక్కలేదు, అన్ని రాళ్లలో ఆ రాయి వేరని కనిపెట్టి దించుకొచ్చింది నా సుత్తి మోసే లక్ష్మణుడు, చీటీ మీద పేరు మాత్రం నాది రాసుకున్నాను."