దూరం పెట్టిన కోడలు

“చెప్పమ్మా, ఇంట్లో అందరూ ఒకే గదిలో పడుకుంటారా?”

నర్సు యోన్‌సిల్ అడిగిన ప్రశ్నకు లియెన్ తల వంచుకుంది. ఆ కొరియా పల్లెలో ముసలివాళ్లు చేరి కబుర్లాడుకునే గది అది. అక్కడ రోజూ చదరంగం ఆడే పాన్ తాతకు క్షయ అని తేలి, పట్నం ఆసుపత్రిలో చేర్చారు. అప్పట్నుంచి ఊరందరి చూపూ వియత్నాం నుంచి వచ్చిన ఈ కోడలి మీదే.

“లేదండీ. మా ఆయన చేపల పడవ మీద ఉంటారు. నేనూ బాబూ పెరటి గదిలో పడుకుంటాం.”

“భోజనం?”

“మా గిన్నెలు వేరు. అత్తయ్య బాబును ఎత్తుకోవడం కూడా మానేశారు.”

“ఎప్పట్నుంచి?”

“చలికాలం నుంచి.”

చాలా రోజుల తర్వాత ఆ గదిలో అడుగుపెట్టిన అత్తగారు దొక్‌రే, గుమ్మం పక్కనే కూర్చుని ముఖం తిప్పుకుంది.

“మా దొక్‌రే వదిన ముందే పసిగట్టింది,” అంది పక్కింటి మల్‌సూన్. “దీని చేతి కిమ్చీ పచ్చడి తిన్నప్పట్నుంచి నాకు నిద్ర లేదు తల్లీ!”

“కిమ్చీతో రాదు పెద్దమ్మా, గిన్నెలతోనూ రాదు. జబ్బు ముదిరినవాళ్లు దగ్గితే గాలిలో కలుస్తుంది. తలుపులు మూసిన గదిలో ఆ గాలి పీల్చినవాళ్లకు అంటుకుంటుంది. కొందరిలో ఏళ్ల తరబడి బయటపడకుండా ఉండిపోతుంది కూడా. అందుకే ఎవరి దగ్గర మొదలైందో వెతుకుతున్నాం. తిట్టడానికి కాదు, ఆపడానికి.”

“ఇంకా వెతకడమేంటి, ఎదురుగానే కూర్చుందిగా!”

ఎవరో కిసుక్కున నవ్వారు. లియెన్‌కు తల ఎత్తాలనిపించలేదు. కొత్తలో అత్తయ్యే పక్కన పడుకోబెట్టుకుని ఒక్కో మాటా నేర్పింది. అలాంటి మనిషి ఊరికే దూరం పెడుతుందా?

“నేనే తెచ్చానేమోనండీ,” అంది. “బాబును పట్నంలో నా స్నేహితురాలి దగ్గర వదిలేస్తాను. వాడికైనా అంటకుండా...”

“ఎక్కడికీ పంపక్కర్లేదు. మొన్న తీసిన ఎక్స్‌రేలో నీ ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయి. పిల్లాడికీ ఏమీ లేదు.”

యోన్‌సిల్ దొక్‌రే వైపు తిరిగింది.

“ఏ జబ్బూ లేని పిల్లను ఇంతమందిలో దోషిలా కూర్చోబెట్టారు. సిగ్గుగా లేదా అవ్వా?”

“ఉంది.”

దొక్‌రే లేచి గుమ్మం అవతలికి వెళ్లి నిలబడింది. కంగారుగా దగ్గరికి రాబోయిన కోడల్ని చెయ్యి చాచి ఆపింది. రుమాలుతో నోరు కప్పుకుంది.

“ఆ సిగ్గుతోనే ఇన్నాళ్లూ నోరు విప్పలేదమ్మా. చలికాలం నుంచి రక్తం కక్కుతున్నది నేను.”