చిన్న కోత

ఆపరేషన్ అయిన మర్నాడు లింగంపేట బాలవ్వ తన ఆడకుక్క పొట్ట చూసి పెదవి విరిచింది.

"ఏంది బిడ్డా, గిదేనా కోత? దోమ కుట్టినట్టుంది!"

కామారెడ్డిలో కొత్తగా ఆసుపత్రి పెట్టిన పశువుల డాక్టర్ పల్లవికి ఒళ్లు మండింది. ఈ పని నేర్చుకోవడానికి ఆమె చెన్నై దాకా వెళ్లి వచ్చింది.

"చిన్న రంధ్రంలకెళ్లి కెమెరా పంపి, లోపల చూసుకుంట గర్భసంచి తీసిన అవ్వా. గిట్ల చేస్తే నొప్పి తక్కువుంటది."

"కుక్కకు నొప్పి తక్కువుండాల్నా! దొరసాని గదా మరి!" బాలవ్వ పకపకా నవ్వింది. "గీ మాట ఇంటే మా ఊరి నుంచి ఎల్లారెడ్డి దాకా నవ్వుతరు."

ఈమెకు చెప్పడం నాదే తప్పు అనుకుంది పల్లవి.

కుక్క తోక ఊపుతూ గుమ్మం వైపు పరుగెత్తింది. దాని వెనకే లేవబోయిన బాలవ్వ కడుపు పట్టుకుని బల్ల మీద కూలబడింది.

"ఏమైందవ్వా?"

బాలవ్వ కొంగు కాస్త తప్పించింది. బొడ్డు కింద తాడంత లావు మచ్చ.

"నాకు గూడ గర్భసంచి తీసిండ్రు. ఏండ్లాయె, లేస్తే ఇంకా గుంజుతది." ఆమె గొంతులో నవ్వు లేదు. "నన్ను కోసినోళ్లకు గీ సదువు రాకనా బిడ్డా, నేను కుక్కపాటి చెయ్యకనా?"