రోగి వేషం

"నిలబడి చెప్పకురా. ముందు కూర్చో. పోయినసారి మార్కులు ఎగిరిపోయింది అక్కడే," అన్నాడు డ్రైవింగ్ మాస్టారు, ముందుగదిలో కుర్చీ మీద రోగిలా నీరసంగా ఒరిగి.

కొడుకు ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. అయినా మోకాలు కుదురుగా లేదు, కుట్టుమిషను తొక్కుతున్నట్టు ఆడుతూనే ఉంది.

వైద్యం చదివేవాళ్ళ సర్జరీ పరీక్షలో ఇదో గది. అందులో ఒక నటుడు రోగిలా కూర్చుంటాడు. నీకు పెద్ద జబ్బు వచ్చిందని అతనికి మెత్తగా చెప్పాలి. కుట్లు వెయ్యడం, కడుపు నొక్కి చూడడం అన్నీ గట్టెక్కిన కుర్రాడు పోయినసారి ఈ గదిలో బోల్తా పడ్డాడు. నిలువుకాళ్ళ మీద ఒక్క గుక్కలో జబ్బు పేరు చెప్పేసి, ఆపరేషనుకి సంతకం పెట్టమన్నాడట. ఈసారి పరీక్షంతా మళ్ళీ మొదటినుంచి, అదీ తప్పితే ఏడాది చదువు గంగలో కలిసినట్టే.

అందుకే ఈ మధ్య మాస్టారి ఒళ్ళే వాడికి పాఠ్యపుస్తకం. మెడ తడిమాడు, పొట్ట మీద డోలు వాయించాడు, ఎక్కడో గట్టిగా తగిలిందని తన ఆసుపత్రికే లాక్కెళ్ళి పెద్ద డాక్టరు చేత పేగుల్లోకి గొట్టం కూడా వేయించి చూపించాడు. నేర్చుకునేవాడి చేతికి బండి ఇచ్చాక నాలుగు గీతలు పడక తప్పదని మాస్టారు సర్దుకున్నాడు.

సాయంత్రాలు ఈ మాటల గది. ఇది మాత్రం ఆయనకి భలే సరదా. ఓ రోజు లారీ డ్రైవరు, ఓ రోజు చెవుడున్న ముసలాయన, ఇంకో రోజు కేసు వేస్తానని ఎగిరే ప్లీడరు. ఆ వేషాలు చూసి కొడుకు నవ్వాపుకోలేక చచ్చేవాడు.

ఇవాళ నవ్వలేదు.

"వేషాలొద్దు నాన్నా. నువ్వు నువ్వుగానే ఉండు."

"నేనైతే తేలిగ్గా ఒప్పేసుకుంటాను కదరా. పరీక్షలో వాడు నిన్ను ఏడిపిస్తాడు."

"ఫరవాలేదు. మొదలెడదామా?" గొంతు సవరించుకున్నాడు. "నమస్కారమండీ. మీకు చేసిన టెస్టుల గురించి మాట్లాడదామని..."

అక్కడ ఆగిపోయాడు. పెదవులు తడుపుకుని మళ్ళీ మొదలెట్టి, మళ్ళీ అక్కడే ఆగాడు. మొహం పాలిపోయింది. పై పెదవి మీద చెమట.

మాస్టారు లైసెన్సు టెస్టుకి వణికేవాళ్ళని జీవితమంతా చూస్తూనే ఉన్నాడు కానీ, ఇంత భయం ఎవరి మొహంలోనూ చూడలేదు. ఆ గదిలో కూడా ఇలాగే కొయ్యబారిపోతే? అసలు పరీక్ష ఎప్పుడో కూడా తెలీదు. తేదీ మారిందని ఒకసారి, మళ్ళీ మారిందని ఇంకోసారి చెప్పాడు. ఆ తరవాత అడిగితే విసుక్కుంటున్నాడని ఆయనే అడగడం మానేశాడు. బల్ల మీద ఉండే లావుపాటి సర్జరీ పుస్తకం కనబడ్డం లేదు, స్నేహితుడికి ఇచ్చేశానన్నాడు. తెల్లకోటు బకెట్లో నానుతోంది. వీడు పరీక్ష మీద ఆశే వదులుకున్నాడేమోనని ఆయనకి కొత్త భయం పట్టుకుంది.

"నీకు బండి నేర్పేటప్పుడు క్లచ్చి గురించి ఏం చెప్పాను?" అన్నాడు. "ఠక్కున వదిలితే ఎగిరిపడి ఆగిపోతుంది. తొక్కిపెట్టి కూర్చుంటే కదలనే కదలదు. మెల్లగా వదలాలి. కానీ వదలాలి."

"చెప్పాక ఎదుటిమనిషి మొహం ఎలా అయిపోతుందోనని భయంగా ఉంది నాన్నా."

"ఆ మొహం చూస్తూనే చెప్పాలి మరి. నేలచూపులు చూస్తే మార్కులు కోసేస్తారు. ఊఁ, కానీ."

కొడుకు తలెత్తాడు. "మీతో ఎవరైనా ఉంటే బాగుంటుందా అండీ?"

పోయినసారి వాడు అడగడం మరిచిపోయిన ప్రశ్న ఇది. మాస్టారికి ప్రాణం లేచొచ్చింది. "మా ఆవిణ్ణి పిలవండి డాక్టరు గారూ."

మామూలుగా అయితే ఆవిడ వంటింట్లోంచే, "మీ తండ్రీకొడుకుల నాటకాలు నాకు అంటగట్టకండి" అనేది. ఇవాళ కుళాయి కట్టేసి, చేతులు తుడుచుకుంటూ వచ్చింది. మొగుడి పక్కన కూర్చుని ఆయన చెయ్యి పట్టుకుంది. ఆవిడ చెయ్యి చల్లగా ఉంది.

"నువ్వూ బాగానే నటిస్తున్నావే," అన్నాడు మాస్టారు.

"మీకు అంతా వివరంగా చెప్పమంటారా?" అన్నాడు కొడుకు.

"చెప్పండి. దాచిపెడితే నాకు ఒళ్ళు మంట."

"మీ పెద్దపేగులో గడ్డ ఉందండీ. దాంట్లోంచి చిన్న ముక్క తీసి టెస్టుకి పంపాం. మనం కోరుకున్న కబురు రాలేదు." ఓ క్షణం ఆగాడు. "అది క్యాన్సరు."

చెప్పాక నోరు మూసుకుని రోగికి టైమివ్వాలి. ఇచ్చాడు. వీధిలో ఎవరో స్కూటరు స్టార్టు చేస్తున్నారు, అది ఎంతకీ అందుకోవడం లేదు.

ఉత్తుత్తి ఆటేనని తెలిసినా మాస్టారు కుర్చీలో నిటారుగా సర్దుకున్నాడు. "నేను బతుకుతానా డాక్టరు గారూ?" అన్నాడు. గొంతు తను అనుకున్నదానికన్నా పీలగా వచ్చింది.

"తొందరగానే బయటపడింది. ఆపరేషన్ చేయించుకుంటే నయమయ్యే అవకాశం బాగానే ఉంది. భయం వేస్తుంది, వెయ్యనివ్వండి. నేను మీ పక్కనే ఉంటాను."

"ఆ ముక్క తీసెయ్. ఏ డాక్టరు పక్కనే ఉంటాడు? అబద్ధం కింద రాసుకుంటారు."

"ఉంటాను," అన్నాడు కొడుకు. వాడి కళ్ళ నిండా నీళ్ళు.

మాస్టారు గట్టిగా ఊపిరి వదిలాడు. వీడికి వచ్చేసింది. మొహంలోకి చూస్తూ చెప్పాడు, కంగారుపెట్టలేదు, కళ్ళనీళ్ళు కూడా సమయానికి వచ్చాయి. ఇందాకటి భయమంతా చేత్తో తీసేసినట్టు పోయింది.

"దీనికి కూడా మార్కులు కోసేవాడుంటే వాడికి నేను చచ్చినా డ్రైవింగ్ నేర్పను," అన్నాడు. "లే, ఆ తెల్లకోటు పిండి ఆరెయ్, ఇస్త్రీ నేను చేసిపెడతాను. ఇంతకీ పరీక్ష ఎప్పుడురా?"

కొడుకు కుర్చీలోంచి లేవలేదు. ఆవిడ పట్టుకున్న చెయ్యి వదల్లేదు.

"మొన్న సోమవారమే అయిపోయింది నాన్నా."