వెనక గదిలో వాసన

వ్యాపారంలోకి దిగినప్పుడు నా పెట్టుబడి ముక్కొక్కటే. నూనెను అరచేతిలో రుద్ది ఒక్కసారి పీలిస్తే తాజాదో, ముక్కిపోయిందో చెప్పేవాణ్ణి. తర్వాత వైరస్ జ్వరం వచ్చి పోయింది, దాంతో పోయిన వాసన మాత్రం తిరిగి రాలేదు. ఏళ్ళు గడిచినా డాక్టరుది ఒకటే పాట: "ప్రాణం దక్కింది కదయ్యా, ముక్కుదేముంది!" స్టెతస్కోపు పెట్టుకునే ఆయన చెవులు పోయుంటే తెలిసేది ముక్కుదేముందో!

అప్పటినుంచి నా భార్యే నా ముక్కు. ఈమధ్య కొన్నాళ్ళు పుట్టింట్లో ఉండి తిరిగొచ్చిన రోజే, చీకటిపడ్డాక, కొత్త సరుకు చూడమని ఆమెను గోదాముకు తీసుకెళ్ళాను. ముందు గదిలో డబ్బాలన్నీ బాగున్నాయంది. వెనక గది గుమ్మంలో ఆగిపోయి ముక్కు మూసుకుంది.

"నూనె పాడైందా?"

"నూనె కాదు. మనిషి వాసన."

"నేను మనిషిని కానా?" మండిపడ్డాను.

"మీ వాసన నాకు తెలియదా? ఇది మీది కాదు. చాలా రోజులుగా స్నానం లేని వాసన." గొంతు తగ్గించింది. "నేను లేనన్నాళ్ళూ రాత్రి భోజనం ఎక్కడ చేశారు?"

"ఇక్కడే. ఆ పీపాలకు ఆనుకుని."

ఆమె నా చెయ్యి పట్టుకుని వెనక్కి లాగింది. పీపాల వెనక ఎవరో అంతసేపూ బిగబట్టిన ఊపిరిని మెల్లగా వదిలారు.

దక్కిన ప్రాణం మీద నాకు మిగిలిన లాభం ఇదన్నమాట: ఎవరి పక్కన కూర్చుని అన్ని రాత్రులు నిశ్చింతగా భోంచేశానో, నాకే తెలియదు.